ఉద్యోగులకు సన్మానం: అనుమతి, సన్మాన పత్రం, పద్మ ప్రతిపాదన

ముందుగా మీ ప్రశ్నను నాలుగు ముక్కల్లో చెప్పుకుందాం. చెన్నై పెరంబూరు ప్రాంతంలోని మీ తెలుగు కుటుంబాల సంఘం వచ్చే ఉగాదికి ముగ్గురిని సన్మానించాలనుకుంటోంది. నగర ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పనిచేసి పదవీ విరమణ చేసిన నర్సు ఒకరు, ఇంకా ఉద్యోగంలో ఉన్న విద్యుత్ లైన్‌మన్ ఒకరు, కాంట్రాక్టు కింద మీ వీధులు ఊడ్చే పారిశుద్ధ్య కార్మికురాలు ఒకరు. నగదు ఇవ్వవచ్చా, ఎవరి అనుమతి తీసుకోవాలి, సన్మాన పత్రంలో ఏం రాయాలి, నర్సు గారికి పద్మ పురస్కారం కోసం ప్రయత్నించవచ్చా అని అడిగారు. జనం రావాలంటే ఒక ఐఏఎస్ అధికారిని కూడా జాబితాలో చేర్చాలని కమిటీలో కొందరు పట్టుబడుతున్నారని కూడా రాశారు.

నేను చెన్నైలోనే ఒక కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో పరిపాలన విభాగంలో పనిచేసి విరమించాను. ఉద్యోగులు సన్మానాలకు వెళ్ళడానికి పెట్టుకునే అర్జీలు నా బల్ల మీదుగానే వెళ్ళేవి. ఆ తరవాత మా పేటలోని తెలుగు సంఘంలో సన్మానాల బాధ్యత చాలా ఏళ్ళు చూశాను. మీ ముగ్గురి పేర్ల వెనక ఉన్న ఆలోచన నాకు చాలా నచ్చింది. దాన్ని ఎవరి ఒత్తిడికీ మార్చుకోవద్దని ముందే చెబుతున్నాను. ఒక మనిషి తన ఉద్యోగ జీవితమంతా ఏం చేశారో, ఆ సేవ అందుకున్నవాళ్ళే ఆ మనిషి ఎదుట, పేర్లతో, సంవత్సరాలతో, వివరంగా చెప్పడం సన్మానానికి ప్రాణం. హాలు, పూలు, ముఖ్య అతిథి అన్నీ దాని తరవాతే.

ముందు నిబంధనల సంగతి, ఎందుకంటే ఇక్కడ పొరబాటు జరిగితే నష్టపోయేది మీరు సన్మానించాలనుకున్న మనిషే. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు 1964 నాటి ప్రవర్తనా నియమావళి ఉంది. అందులో 14వ నియమం సూటిగా సన్మానాల గురించే. ప్రభుత్వం ముందస్తు అనుమతి లేకుండా ఉద్యోగి సన్మాన పత్రం స్వీకరించకూడదు, తన గౌరవార్థం గానీ మరో ఉద్యోగి గౌరవార్థం గానీ జరిగే సభకు హాజరు కాకూడదు. రెండే మినహాయింపులు. బదిలీ లేదా పదవీ విరమణ సందర్భంగా ప్రైవేటుగా, ఆడంబరం లేకుండా జరిపే వీడ్కోలు ఒకటి. ప్రజా సంస్థలు ఏర్పాటు చేసే నిరాడంబరమైన, ఖర్చు తక్కువ విందు రెండోది. వీడ్కోలు కోసం ఉద్యోగుల మీద ఒత్తిడి తెచ్చి చందాలు వసూలు చేయకూడదని కూడా అదే నియమం చెబుతుంది. రాష్ట్ర ఉద్యోగులకు 1973 నాటి తమిళనాడు ప్రవర్తనా నియమావళి ఉంది. విద్యుత్ సంస్థకూ కార్పొరేషన్‌కూ తమ తమ సర్వీసు నిబంధనలు ఉంటాయి. కాబట్టి మీ లైన్‌మన్ విషయంలో ఆయన కార్యాలయం నుంచి రాతపూర్వక అనుమతి వచ్చేవరకు ఆహ్వాన పత్రికలో ఆయన పేరు అచ్చువేయకండి.

అనుమతి అడగడం పెద్ద కష్టమేమీ కాదు. ఆయన పై అధికారికి సంఘం తరఫున ఒక పేజీ ఉత్తరం రాయండి. సభ ఎప్పుడు, ఎక్కడ, ఎవరు నిర్వహిస్తున్నారు, ఎందుకు ఈయన్ని ఎంచుకున్నారు, ఏమి ఇస్తారు, ఏమి ఇవ్వరు అన్నది అందులో ఉండాలి. 'నగదు గానీ విలువైన వస్తువు గానీ ఇవ్వడం లేదు' అన్న వాక్యం తప్పనిసరిగా ఉండాలి. ఫైలు కదలడానికి ఆ ఒక్క వాక్యం ఎంత ఉపయోగపడుతుందో నాకు తెలుసు. ఆయన కూడా విడిగా తన అర్జీ పెట్టుకోవాలి. ఉగాదికి రెండు నెలల ముందు ఈ కాగితాలు ఆఫీసులో పడాలి, ఎందుకంటే మార్చి నెలలో ఆర్థిక సంవత్సరం ముగింపు పనుల్లో ఇలాంటి అర్జీలు అడుగుకు వెళ్ళిపోతాయి.

నగదు గురించి. సర్వీసులో ఉన్న ఉద్యోగికి నగదు వద్దు, బంగారం వద్దు, వెండి కూడా వద్దు. 1988 నాటి అవినీతి నిరోధక చట్టాన్ని 2018లో సవరించాక, పుచ్చుకున్నవారితో పాటు ఇచ్చినవారిని కూడా నేరస్థులుగా చూసే వీలు పెరిగింది. మీ మనసులో కృతజ్ఞత తప్ప మరేమీ లేకపోవచ్చు. కానీ మీ కాలనీకి కొత్త ట్రాన్స్‌ఫార్మర్ కావాలన్న అర్జీ ఆ ఆఫీసులోనే పెండింగులో ఉంటే? రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసేవాడికి అది వేరేగా కనిపిస్తుంది. అందుకని నేను మా సంఘంలో ఒక కట్టుబాటు పెట్టించాను: మన పని ఎవరి దగ్గర పెండింగులో ఉందో ఆ అధికారిని, ఆ ఉద్యోగిని ఆ ఏడాది సన్మానించం. ఎంత మంచివారైనా సరే, పని అయిపోయాక మరుసటి ఏడాది పిలుస్తాం. మీరూ అలాంటి తీర్మానం చేసుకుని మినిట్స్‌లో రాసుకోండి. నర్సు గారు విరమించారు కాబట్టి ఆవిడకు ఈ ఇబ్బంది లేదు, మీ శక్తి మేరకు ఇవ్వవచ్చు.

ఇక పారిశుద్ధ్య కార్మికురాలి విషయం. దీని మీద కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే సంఘాలు సాధారణంగా పట్టించుకోనిది ఇక్కడే. చెన్నై వీధులు ఊడ్చేవారిలో ఇంట్లో తెలుగు మాట్లాడే కుటుంబాలు చాలా ఉన్నాయి. తరాల కిందట నెల్లూరు వైపు నుంచి, మిగతా కోస్తా జిల్లాల నుంచి వచ్చి స్థిరపడినవాళ్ళు. చెన్నై కార్పొరేషన్ 1688లో ఏర్పడింది, దేశంలో మొదటిది. ఈ నగరాన్ని తరతరాలుగా శుభ్రం చేస్తూ వచ్చిన చేతుల్లో మన భాష మాట్లాడేవాళ్ళ చేతులు ఇన్ని ఉన్నా, తెలుగు సంఘాల వేదికల మీద వాళ్ళు కనిపించడం అరుదు. మీరు ఆవిడ పేరు రాశారని చూడగానే నాకు కలిగిన సంతోషానికి కారణం అదే.

కాంట్రాక్టు కార్మికురాలికి పర్మనెంటు ఉద్యోగి లాగా పదవీ విరమణ రోజు, వీడ్కోలు సభ, ఆఫీసు గ్రూపు ఫోటో ఉండవు. కాంట్రాక్టు ముగిస్తే ఒక రోజు నుంచి పిలుపు ఆగిపోతుంది, అంతే. కాబట్టి ఆవిడ జీవితంలో ఇలాంటి సభ మీదే మొదటిది, బహుశా చివరిది కూడా కావచ్చు. కొన్ని విషయాలు ముందే చూసుకోండి. సభకు రావడం వల్ల ఒక రోజు కూలి పోతుందా అని అడగండి. ఉదయం షిఫ్టు చేసేవారికి ఉదయం పది గంటల సభ అంటే కూలి పోగొట్టుకోవడమే, అందుకని సాయంత్రం పెట్టండి. సూపర్‌వైజరుకు ముందుగా చెప్పి, సంఘం లెటర్‌హెడ్ మీద ఒక ఉత్తరం ఇవ్వండి. లేకపోతే 'నువ్వు ఎవరికి చెప్పి వెళ్ళావు' అన్న మాట మర్నాడు ఆవిడ పడాల్సి వస్తుంది. ఆవిడకు నగదు ఇవ్వవచ్చా అన్నది ఆ కాంట్రాక్టు సంస్థ నిబంధనలు అడిగి తేల్చుకోండి. ఇవ్వగలిగితే వేదిక మీద కాకుండా, కవరులో పెట్టి, సభ అయ్యాక కుటుంబం ముందు ఇవ్వండి. మైకులో మొత్తం ప్రకటించవద్దు.

ఇంకొకటి, ఇది చాలా ముఖ్యం. మీరు పంపిన నోట్‌లో ఆవిడ భర్త గురించి ఒక వాక్యం ఉంది: '2015 వరదల్లో మ్యాన్‌హోల్‌లోకి దిగి చేతులతో అడ్డు తీసి మా వీధిని కాపాడాడు.' ఆ వాక్యాన్ని సన్మాన పత్రంలో పొగడ్తగా పెట్టకండి. ఆయన ధైర్యం నిజమే, మీ కృతజ్ఞతా నిజమే. కానీ రక్షణ సామగ్రి లేకుండా మనిషిని మురుగు కాలువలోకి దించడం, చేతులతో మలం ఎత్తే పనిని నిషేధించిన 2013 చట్టం ప్రకారం నేరం. మురుగు కాలువల్లో చనిపోయినవారి కుటుంబాలకు 10 లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2014లో చెప్పింది, 2023 అక్టోబరులో దాన్ని 30 లక్షలకు పెంచింది. ఇంత జరిగినా మరణాలు ఆగలేదు. మనం వేదిక మీద చప్పట్లు కొట్టి మెచ్చుకుంటే, రేపు ఇంకో కుర్రవాణ్ణి దించేవాడికి 'ఫలానా ఆయన దిగాడుగా' అనే నోరు వస్తుంది. ఆ మాట చెప్పాలనుకుంటే పూర్తిగా చెప్పండి: ఆయన దిగాల్సి వచ్చింది, ఎవరూ దిగాల్సిన అవసరం రాకూడదు, ఆ రోజు ఆయనకు కలిగిన ప్రమాదానికి మన కాలనీ బాధ్యత వహిస్తుంది. అలా చెప్పే ధైర్యం సంఘానికి ఉంటే పెట్టండి, లేకపోతే ఆ సంఘటన వదిలేసి ఆవిడ ఏళ్ళ తరబడి చేసిన పని గురించి రాయండి.

ఈ సందర్భంలో ఇద్దరి గురించి మీ యువ సభ్యులకు చెప్పండి. బెజవాడ విల్సన్ కోలారు బంగారు గనుల ప్రాంతంలో, పారిశుద్ధ్య పనే జీవనాధారమైన తెలుగు కుటుంబంలో పుట్టారు. పారిశుద్ధ్య కార్మికుల ఉద్యమమైన సఫాయి కర్మచారీ ఆందోళన్‌ను నిర్మించి, 2016లో మెగసెసే పురస్కారం అందుకున్నారు. ఆ ఉద్యమానికి మొదటి నుంచి అండగా నిలిచిన ఎస్.ఆర్. శంకరన్ మద్రాసు లయోలా కళాశాలలో చదివి, ఆంధ్రప్రదేశ్ కేడరులో ఐఏఎస్ అధికారిగా పనిచేసిన తమిళుడు. వెట్టిచాకిరి నిర్మూలన చట్టం 1976లో వచ్చినప్పుడు, చాలాచోట్ల కాగితం మీదే ఉండిపోయిన ఆ చట్టాన్ని ఆయన పల్లెల దాకా తీసుకెళ్ళారు. 2005లో పద్మభూషణ్ ప్రకటిస్తే వద్దన్నారు.

శంకరన్ గారి మాట ఎత్తడానికి రెండు కారణాలు. 'వాళ్ళకు జీతం ఇస్తున్నారు కదా, సన్మానం ఎందుకు' అని మీ కమిటీలో ఎవరో అన్నారని రాశారు. ఆయన ఉద్యోగ జీవితం చూడండి. చట్టం చేయమన్నదే చేశారు. చట్టం ఎంత చేయమందో అంతా చేశారు. మంత్రికి కోపం వచ్చినా, బదిలీ అయినా చేశారు. ఆ మాత్రం చేసినవారు ఎంతమంది? అందుకని సన్మానానికి పేర్లు వెతికేటప్పుడు జేబులోంచి డబ్బు తీసి దానం చేసిన ఉద్యోగి కోసమే చూడకండి. ఇంటింటికీ వెళ్ళి టీకాల జాబితా సరిచూసిన నర్సు, ఫ్యూజు పోయిందని ఫోను చేస్తే 'రేపు చూద్దాం' అనని లైన్‌మన్, తన పని సంపూర్ణంగా చేసినవాళ్ళే సన్మానానికి యోగ్యులు. రెండో కారణం: సన్మానం కొందరికి ఇబ్బంది. ముందుగా ఇంటికి వెళ్ళి, వాళ్ళతో విడిగా కూర్చుని అడగండి. నలుగురిలో అడిగితే మొహమాటానికి ఒప్పుకుంటారు. వద్దంటే మర్యాదగా విరమించుకోండి. ఆ పని గురించి సంఘం పత్రికలో రాయడానికి మాత్రం అనుమతి అడగండి, దానికి చాలామంది ఒప్పుకుంటారు.

ఇప్పుడు సన్మాన పత్రం. మన సంఘాల్లో ఇది ఎలా తయారవుతుందో మీకూ తెలుసు. పాత పత్రం తీసి, పేరు మార్చి, 'సేవారత్న', 'కరుణామూర్తి', 'నిష్కామ కర్మయోగి' అన్న విశేషణాలు అటూ ఇటూ సర్ది, ఫ్రేము కట్టిస్తారు. చదువుతుంటే ఎవరికీ వినబడదు, వినబడినా ఎవరి గురించో తెలియదు. ఒక పరీక్ష చెబుతాను. పత్రంలో పేరు కొట్టేసి ఇంకొకరి పేరు రాయండి. అప్పటికీ సరిపోతే ఆ పత్రం ఇంకా రాయలేదన్నమాట.

రాయడానికి సరుకు ఎలా సేకరించాలి? 'ఆయన గురించి చెప్పండి' అని అడిగితే 'చాలా మంచివాడు' అంటారు, అక్కడితో ఆగిపోతారు. జ్ఞాపకానికి పట్టుకొమ్మ ఇవ్వండి. చెన్నైవాళ్ళకు అలాంటివి కావలసినన్ని ఉన్నాయి. 2015 డిసెంబరు వరదలు, 2016 డిసెంబరులో వర్దా తుపాను, 2020 లాక్‌డౌను, 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను. వర్దా వెళ్ళిన మర్నాడు నగరంలో ఎక్కడ చూసినా కూలిన చెట్లు, తెగిన తీగలు. 'ఆ వారం మన వీధికి కరెంటు ఎప్పుడు వచ్చింది? ఎవరు వచ్చారు? ఆయన ఆ రోజు ఎక్కడ తిన్నాడు?' అని అడగండి. నర్సు గారి గురించి అయితే, 'లాక్‌డౌనులో మీ ఇంట్లో గర్భిణి ఉంటే ఎవరు చూశారు? పాపకు టీకా ఎక్కడ వేయించారు?' అని అడగండి. ఇళ్ళ ఆడవాళ్ళను, పాలు పోసేవారిని, ఇస్త్రీ బండి అతన్ని, అపార్ట్‌మెంటు వాచ్‌మన్‌ను అడగండి. ఇలాంటి విషయాల్లో కమిటీ సభ్యుల కన్నా వాళ్ళకు ఎక్కువ తెలుసు. ఎవరు చెప్పారో రాసుకోండి. ఇద్దరు విడివిడిగా చెప్పిన సంగతి పత్రంలోకి వెళ్ళవచ్చు. ఒక్కరే చెప్పినదైతే సన్మానితులనే అడిగి సరిచూసుకోండి.

మంచి సన్మాన పత్రానికి మన ఊరి చరిత్రలోనే నమూనా ఉంది. తెలుగువారైన సర్ పిట్టి త్యాగరాయ పేరు టి. నగర్ (త్యాగరాయ నగర్) రూపంలో రోజూ మన నోట పలుకుతూనే ఉంటుంది. ఆయన్ని ఎన్ని విశేషణాలతోనైనా పొగడవచ్చు. కానీ ఆయన మద్రాసు కార్పొరేషన్ అధ్యక్షుడిగా ఉండగా, 1920లో థౌజండ్ లైట్స్‌లోని కార్పొరేషన్ బడిలో పిల్లలకు మధ్యాహ్న ఫలహారం మొదలుపెట్టారు, ఒక్కో బిడ్డకు రోజుకు ఒక అణా మించకుండా ఖర్చు అని తీర్మానించారు. ఆ అణా, ఆ బడి పేరు, ఆ సంవత్సరం చెప్పగానే మనిషి కళ్ళముందు నిలుస్తాడు. మీ పత్రంలో ప్రతి పేరాకు అలాంటి ఒక్క వివరమైనా ఉండాలి.

భాష విషయం. కార్మికురాలి ఇంట్లో తెలుగు మాట్లాడినా, పిల్లలు తమిళ మాధ్యమంలో చదివి ఉంటారు. లైన్‌మన్ తమిళుడని రాశారు. కాబట్టి పత్రం తెలుగు, తమిళం రెండింటిలో అచ్చువేయండి. సభలో ఎవరి పత్రం వారికి అర్థమయ్యే భాషలో ముందు చదవండి. వచనంలో రాయండి. పద్యాలు రాసే పెద్దలు మీ సంఘంలో ఉంటే ఒక్క పద్యం చివర పెట్టండి, ఆయన మనసూ నొచ్చుకోదు. చదివేది కమిటీ కార్యదర్శి కాకుండా, ఆ సేవ అందుకున్న ఇంటివారైతే చాలా బాగుంటుంది. ఆ నర్సు గారి చేతుల్లో పుట్టిన పిల్ల ఇప్పుడు కాలేజీలో చదువుతుంటే, ఆ అమ్మాయి చేత చదివించండి.

ఐఏఎస్ అధికారి గురించి మీ కమిటీలో ఉన్న పట్టుదలకు నా జవాబు ఇది. పెద్ద పదవిలో ఉన్నవారిని సన్మానించడం తప్పు కాదు. చెన్నైలో ఒక ప్రభుత్వాధికారికి దక్కిన పెద్ద విగ్రహాల్లో ఒకటి ఐలాండ్ దగ్గర గుర్రం మీదున్న సర్ థామస్ మన్రోది. చందాలతో చేయించి 1839లో నిలబెట్టారు. రాయలసీమకు కలెక్టరుగా పనిచేసిన ఆయన, తరవాత మద్రాసు గవర్నరై, పర్యటనలో ఉండగా 1827లో పత్తికొండ దగ్గర కలరాతో పోయారు. పత్తికొండలో ఆయన పేర బావి తవ్వించి, తోపు వేశారు. ఆయన పాలన మీద ఎవరి అభిప్రాయం వారికి ఉండవచ్చు. నా మటుకు నాకు ఆ విగ్రహం కన్నా ఆ బావి మీద గౌరవం ఎక్కువ. బావి నీళ్ళు తాగింది ఆ అధికారి ఎవరి కోసం పనిచేశాడో ఆ ఊరివాళ్ళే కదా. మీ జాబితాలో నాలుగో పేరు అధికారిది చేరితే ఏమవుతుందో చెబుతాను, ఎన్నో సభల్లో చూశాను. అధికారి ఆలస్యంగా వస్తారు. ఆయన రాగానే క్రమం మారుతుంది. ఆయన సన్మానం మొదట, ఉపన్యాసం తరవాత, ఆయన వెళ్ళగానే సగం హాలు ఖాళీ. అప్పుడు కార్మికురాలి పేరు పిలుస్తారు. అలా చేయడం కన్నా ఆవిడను పిలవకపోవడం నయం. ఆ అధికారి నిజంగా యోగ్యులైతే వచ్చే ఏడాది ఆయన్ని ఒక్కరినే పిలవండి. ఈ ఏడాది ఆయన వస్తానంటే మొదటి వరుసలో కూర్చోమని, ముగ్గురి పత్రాలూ వినమని కోరండి. మంచి అధికారులు దీనికి ఒప్పుకుంటారు.

ఏమి ఇవ్వాలి? శాలువాలు ఇప్పటికే చాలామంది ఇళ్ళలో బీరువాలు నిండి ఉన్నాయి. సన్మానానికి గుర్తుగా ఒకటి కప్పండి, వరుసగా ఇరవై మంది వచ్చి ఇరవై కప్పవద్దు. ఫ్రేము కట్టిన పత్రం, కుటుంబంతో తీసిన మంచి ఫోటో ఇవ్వండి. సర్వీసులో ఉన్న లైన్‌మన్‌కు మీరు చేయగల అసలైన మేలు వేరే ఉంది. సభ అయ్యాక, పత్రంలోని వివరాలతో ఒక ప్రశంసాలేఖ ఆయన పై అధికారికి, ఆ పై అధికారికి కూడా పంపి, ఆయన వ్యక్తిగత ఫైలులో పెట్టమని కోరండి. ఫిర్యాదులు ఫైళ్ళలోకి ఎక్కినంత సులువుగా మెప్పులు ఎక్కవు. పదోన్నతి వేళ, లేదా ఎవరో గిట్టనివాళ్ళు అర్జీ పెట్టిన వేళ, ప్రజలు రాసిన ఆ కాగితం ఆయన పక్షాన నిలబడుతుంది. దీనికి రూపాయి ఖర్చు లేదు, అనుమతి కూడా అక్కరలేదు.

సభ ఏర్పాట్ల గురించి రెండు మాటలే. వీధుల్లో ఫ్లెక్సీలు కట్టకండి. 2019 సెప్టెంబరులో పల్లికరణైలో అక్రమంగా కట్టిన బ్యానరు ఊడి, స్కూటరు మీద వెళ్తున్న ఒక యువతి మీద పడింది, ఆమె ఆ వెంటనే వచ్చిన లారీ కింద పడి చనిపోయింది. ఆ సంఘటన తరవాత కూడా సేవకు సన్మానమని చెప్పి రోడ్డు మీద బ్యానరు కట్టడం ఎంత తప్పు! ఇక భోజనాలు. సన్మానితుల కుటుంబాలు అందరితో పాటు ఒకే పంక్తిలో కూర్చోవాలి, ముఖ్యంగా పారిశుద్ధ్య కార్మికురాలి కుటుంబం. 'వాళ్ళు మొహమాటపడతారు, పార్సిల్ కట్టి ఇద్దాం' అని ఎవరైనా అంటే దయచేసి ఒప్పుకోకండి. ఆ మాట వెనక ఏముందో మనందరికీ తెలుసు. కమిటీ పెద్దలు పక్కన కూర్చుని తినాలి, వడ్డించే పని కూడా కమిటీదే కావాలి. ఆ ఒక్క ఏర్పాటు సరిగా లేకపోతే వేదిక మీద చెప్పినదంతా వృథా.

చివరగా పద్మ పురస్కారం. 1954లో మొదలైన ఈ పురస్కారాలకు ఎవరైనా ప్రతిపాదన పంపవచ్చు, తనకు తానే కూడా పంపుకోవచ్చు. కేంద్ర ప్రభుత్వ పురస్కారాల పోర్టల్‌లో ఆన్‌లైన్‌లో పంపాలి. గడువు తేదీలు ఏటా మారుతుంటాయి, వేసవి మొదటి నుంచే పోర్టల్ చూస్తూ ఉండండి. సర్వీసులో ఉన్న ప్రభుత్వ ఉద్యోగులు, ప్రభుత్వ రంగ సంస్థల ఉద్యోగులు అర్హులు కారు. డాక్టర్లకు, శాస్త్రవేత్తలకు మాత్రం మినహాయింపు ఉంది. తెనాలి దగ్గర పుట్టి, మన అడయారులోని కేంద్ర తోళ్ళ పరిశోధనా సంస్థకు డైరెక్టరైన యలవర్తి నాయుడమ్మ గారికి 1971లో పద్మశ్రీ వచ్చింది. నర్సులకు ఆ మినహాయింపు లేదు, కానీ మీ నర్సు గారు విరమించారు కాబట్టి అడ్డంకి లేదు. 2023లో పద్మశ్రీ అందుకున్న పాలం కల్యాణసుందరం గారు కళాశాలలో లైబ్రేరియనుగా పనిచేసినవారే, కాబట్టి చిన్న ఉద్యోగమని వెనకాడవద్దు. మరణానంతరం ఇచ్చేవి, విదేశీయులకూ ప్రవాస భారతీయులకూ ఇచ్చేవి కాక ఏడాదికి మొత్తం 120కి మించి ఇవ్వరని కూడా గుర్తుంచుకోండి. ఆవిడకు ముందుగా ఆశ పెట్టకుండా పని చేయండి.

ప్రతిపాదనలో అసలు బరువంతా 800 పదాలకు మించని వివరణ మీద ఉంటుంది. ఇంతకు ముందు చెప్పిన పద్ధతిలో సన్మాన పత్రం కోసం సేకరించిన సరుకే ఇక్కడికీ పనికొస్తుంది. ఆవిడ పనిచేసిన కేంద్రాలు, సంవత్సరాలు, ఆ పేటలో ఆవిడ వచ్చాక ఏం మారింది, ఉద్యోగ ధర్మానికి మించి ఏం చేశారు, విరమించాక ఏం చేస్తున్నారు. 'అహర్నిశలు శ్రమించారు' అన్న మాట 800లో రెండు పదాలు తింటుంది, ఏమీ చెప్పదు. ఒకవేళ పురస్కారం వస్తే, ఆహ్వాన పత్రికల మీద పేరుకు ముందు 'పద్మశ్రీ' అని బిరుదులా వాడకూడదు. రాజ్యాంగం 18వ అధికరణం బిరుదులను రద్దు చేసింది, ఈ పురస్కారాలు బిరుదులు కావని, పేరుకు ముందూ వెనకా తగిలించుకోకూడదని సుప్రీంకోర్టు 1995 డిసెంబరులో స్పష్టం చేసింది.

పద్మ ఒక్కటే దారి అనుకోకండి. నర్సులకు 1973 నుంచి జాతీయ ఫ్లోరెన్స్ నైటింగేల్ పురస్కారాలున్నాయి. ఉపాధ్యాయులకు సెప్టెంబరు 5న జాతీయ పురస్కారాలు, తమిళనాడులో రాధాకృష్ణన్ పేరిట రాష్ట్ర పురస్కారాలు ఉన్నాయి. తపాలా ఉద్యోగులకు మేఘదూత్ పురస్కారం ఉంది. ఇవి శాఖల ద్వారా నడుస్తాయి, సర్వీసులో ఉండగానే ప్రయత్నించాలి. వచ్చే ఏళ్ళకు పేర్లు వెతికేటప్పుడు, విరమణకు ఇంకా నాలుగైదేళ్ళు ఉన్నవారిని కూడా గమనిస్తే వాళ్ళ శాఖకు ముందే రాయవచ్చు.

లైన్‌మన్ గారి పై అధికారికి ఉత్తరం ఈ వారమే సిద్ధం చేయండి. ముసాయిదా ఇక్కడ పెడితే చూసి దిద్ది ఇస్తాను. నర్సు గారి వివరాలు సేకరించడం మొదలుపెట్టాక, సన్మాన పత్రం మొదటి ప్రతిని కూడా పంపండి, పేర్లు తీసేసి పంపితే చాలు.